గిట్టుబాటు ఎవరికి?

2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు వరి గిట్టుబాటు కావడం లేదని పొలాలు బీడు పెట్టారు. పంట విరామం అన్నారు. లెక్క వాళ్ళదే, నిర్ణయమూ వాళ్ళదే. కాన్పు తర్వాత తీవ్ర రక్తస్రావాన్ని ఆపడం గిట్టుబాటవుతుందా అని ఆరోగ్య అర్థశాస్త్రం లెక్కవేస్తోంది. ఈ లెక్కలో స్త్రీ ఎక్కడుంది?

రాజోలు దగ్గర లంకలో మా పిన్నికి రెండో కాన్పు. కళ్ళు తిరుగుతున్నాయంటే "పురుడన్నాక రక్తం పోదా ఏంటి" అన్నారట. రక్తమంతా పాతచీరల్లోకి ఇంకిపోయింది. ఎంత పోయిందో ఎవరూ కొలవలేదు. రేవు దాటి కాకినాడ చేరేసరికి గర్భసంచి తీసేయక తప్పలేదు. నానుతాడు తాకట్టుకెళ్ళింది. పెద్దపిల్ల బడి మానేసింది. ఆరోగ్యశాఖ ఖర్చును మాత్రమే చూసే అధ్యయనాల్లో ఇవి ఏ పద్దు కింద వస్తాయి? ప్రసూతి మరణాలు తగ్గాయి, నిజమే. 2018-20లో ఆంధ్రప్రదేశ్‌లో లక్ష సజీవ జననాలకు 45. పిన్ని బతికింది కాబట్టి ఆ అంకెలోనూ లేదు.

కొలవడానికి కావలసింది నడుం కింద పరిచే ప్లాస్టిక్ షీటు, దానికి గీతలున్న సంచి. పక్కనున్న కర్ణాటకలో, బెల్గాం పల్లెల్లో ఇలాంటిదే వాడి మిసోప్రొస్టాల్ మాత్రను పరీక్షించారు. మాత్ర ఇచ్చింది ఏఎన్ఎంలే. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళలో 12 శాతానికి రక్తస్రావమైతే, అసలు మాత్ర వేసుకున్నవాళ్ళలో 6.4 శాతానికే అయింది. ఇది 2006 నాటి మాట! 2023లో నాలుగు ఆఫ్రికా దేశాల అధ్యయనం వచ్చింది. సంచిలో కొలిచి, వెంటనే గర్భసంచి మర్దన, ఆక్సిటోసిన్, ట్రానెక్సామిక్ ఆసిడ్, సెలైన్, పరీక్ష అన్నీ కలిపి చేస్తే తీవ్ర పరిణామాలు 60 శాతం తగ్గాయి. 500 మిల్లీలీటర్ల దాకా ఆగొద్దు, 300 పోయి నాడీ బీపీ తేడాగా ఉంటే చికిత్స మొదలుపెట్టమని 2025లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. వీటిలో ఖరీదైనదేదీ లేదు. ఖరీదంతా ఆలస్యానిదే: రక్తం సీసాలు, ఆపరేషన్, అంబులెన్స్.

అయినా "చవక కాబట్టి కాపాడండి" అని అడగాలంటే నాకు సిగ్గుగా ఉంది. ఖరీదైతే వదిలేస్తారా? కళ్ళు తిరుగుతున్నాయన్న ఆడమనిషి మాట సాక్ష్యం కాకపోబట్టే కదా సంచీ మీద గీతలు కావలసివచ్చాయి! మనమూ తక్కువ తినలేదు. మాతృత్వ రాజకీయాల మీద ఇన్ని పేజీలు రాశాం, మిల్లీలీటర్ల ఊసెత్తామా?

రాజోలు, కొత్తపేట, అమలాపురం కాన్పు గదుల్లో ఆ సంచులు ఎన్నున్నాయో, ఆక్సిటోసిన్ ఉంచే ఫ్రిజ్‌కి కరెంటు పోతే ఏం చేస్తున్నారో సమాచార హక్కు కింద అడుగుదాం. ఈసారి లెక్క వాళ్ళు చెప్పాలి.