భయం కథలూ, మన ఊరి చిల్లంగీ

వార్షికోత్సవానికి వచ్చే ముఖ్య అతిథులు తప్పనిసరిగా అనే మాట ఒకటుంది. "ఈనాటి విద్యార్థులకు మంచి సాహిత్యం అక్కర్లేదు, దెయ్యాలూ హత్యలూ ఉంటే చాలు" అని. మనం చప్పట్లు కొడతాం. రాత్రి హాస్టలుకు పోయి, లైట్లార్పీసి, దుప్పటి ముసుగెట్టుకుని, ఎవడో బొంగురు గొంతుతో చెప్పే దెయ్యం కథ ఫోనులో పెట్టుకు వింటాం. అతిథిగారు అన్నది అబద్ధమేమీ కాదు. కాని ఆయన తన ఇరవయ్యో ఏట ఏం చదివారో అడిగే ధైర్యం మనకెవరికీ లేదు. అడిగితే పాపం 'తులసిదళం' అని ఒప్పుకోవలసి వస్తుందేమో!

నేను దెయ్యం కథల పక్షం. ఆ సంగతి ముందే చెప్పీసుకుంటే మంచిది. భయం కథ చదివినవాడు చెడిపోతాడంటే నేను నమ్మను. అయితే తెలుగులో వచ్చిన భయం కథల మీద నాకొక గట్టి ఫిర్యాదు ఉంది. అది శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల వాళ్ళమైన మనం ముందుగా చెయ్యవలసిన ఫిర్యాదు.

పదమూడేళ్ళకీ పంతొమ్మిదేళ్ళకీ నడుమ మనిషికి ఉన్నన్ని భయాలు మరే వయసులోనూ ఉండవు. గొంతు మారుతుంది, ఒళ్ళు మారుతుంది, నిన్నటిదాకా కలిసి ఆడుకున్న ఆడపిల్ల ఇవాళ పలకరించదు, పరీక్ష తప్పితే ఇంటికెలా పోవాలో తెలీదు. ఇవి అమ్మతో చెప్పుకోలేం, మాస్టారితో అసలే చెప్పుకోలేం. దెయ్యం కథ ఈ పేరులేని భయాలకు ఒక ఆకారం ఇచ్చి, కథ అయ్యేసరికి వాటిని కాసేపైనా దింపి పక్కనపెడుతుంది. అమెరికాలో ఎస్.ఇ. హింటన్ అనే అమ్మాయి 1967లో 'ది అవుట్‌సైడర్స్' నవల ప్రచురించేనాటికి ఆమెకు ఇరవయ్యేళ్ళు నిండలేదు. తన ఈడువాళ్ళ గురించి తన ఈడువాళ్ళకోసం రాసింది. 1974లో స్టీఫెన్ కింగ్ 'క్యారీ' రాశాడు. బళ్ళో అందరూ ఏడిపించే ఒక పిల్ల కథ అది. అందులోంచి అతీతశక్తి అంతా తీసేసినా ఆ పిల్ల పడ్డ అవమానం మిగిలే ఉంటుంది. మనల్ని భయపెట్టేది ఆ మిగిలినదే.

మన పుస్తకాల బీరువాలో ఇలాంటి అర ఒకటి లేదు. చిన్నపిల్లలకు ఉంది, పెద్దలకు ఉంది, నడిమివాళ్ళకు లేదు.

చిన్నపిల్లలకు ఉన్నదాని పేరు వేరే చెప్పాలా? 1947 జూలైలో మొదలైన 'చందమామ'. తరాల తరబడి తెలుగు పిల్లల్ని భయపెట్టిన పత్రిక అది. నవ్వకండి, నేను మెచ్చుకుంటూనే అంటున్నాను. చెట్టుమీంచి శవాన్ని దించి భుజాన వేసుకుని స్మశానం వైపు నడిచే విక్రమార్కుడి కంటే భయంకరమైన బొమ్మ ఏ పిల్లల పత్రికలో ఉంది? శంకర్ గారు వేసిన ఆ బొమ్మ చూసి జడుసుకోని వాళ్ళు తక్కువ. పోతే, దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియళ్ళు: 'తోకచుక్క', 'ముగ్గురు మాంత్రికులు', 'రాకాసిలోయ', 'భల్లూక మాంత్రికుడు'. పేర్లు వింటేనే ఒళ్ళు గగుర్పొడుస్తుంది. ఆ పత్రికకు 1952 నుంచి 1980లో చనిపోయేదాకా సంపాదకత్వం నడిపినవారు కొడవటిగంటి కుటుంబరావు. ఆయన హేతువాది, విరసంలో ఉన్న మనిషి. అంతటివాడు నెలనెలా మాంత్రికుల్నీ బేతాళుణ్ణీ ఇంటింటికీ ఎలా పంపించాడు?

ఇందులో వింతేమీ కనబడదు నాకు. చందమామ మాంత్రికుడు ఏ జిల్లావాడూ కాదు. వాడిది మన వీధి కాదు, మన కులం కాదు, పక్క కులమూ కాదు. వాడికి భయపడిన గుంటడు పొద్దున్న లేచి పక్కింటి ముసలమ్మ వైపు అనుమానంగా చూడడు. పైగా బేతాళుడు భయపెట్టి ఊరుకోడు, ఒక చిక్కుప్రశ్న వేస్తాడు. జవాబు చదివేలోగా పిల్లవాడు క్షణమైనా ఆగి సొంతంగా తీర్పు చెప్పుకోవాలి. శవం భుజాన ఉండగా న్యాయం ఆలోచించడం! ఇంతకంటే మంచి చదువు నాకు తెలీదు.

ఆ చందమామ దాటిన కుర్రాడు ఎక్కడికి పోయేవాడు? అద్దె పుస్తకాల షాపుకి. రోజుకింత అని ఇచ్చి కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్‌నీ, మధుబాబు గారి షాడోనీ తెచ్చుకునేవాడు. ఆడపిల్లలకు యద్దనపూడి సులోచనారాణి గారి నవలలు. అవి పెద్దవాళ్ళు పెద్దవాళ్ళకోసం రాసినవే. కుర్రకారు తమవిగా చేసుకున్నారంతే. ఆ వరసలోనే 1980 దశకం మొదట్లో ఆంధ్రభూమి వీక్లీలో వచ్చిన యండమూరి వీరేంద్రనాథ్ గారి 'తులసిదళం' వచ్చి పడింది. వారంవారం దానికోసం కాచుక్కూచున్నామని మా మేనమామల తరంవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. దాని తర్వాత 'తులసి', వాటిని చూసి మరికొందరు రాసినవీ కలిసి 'క్షుద్ర నవలలు' అన్న పేరే పుట్టింది.

'తులసిదళం' చదివించదని ఎవడైనా అంటే వాడు చదవలేదన్నమాట. ఆస్తికోసం ఒక చిన్నపిల్ల మీద క్షుద్రశక్తిని ప్రయోగిస్తారు. తల్లిదండ్రులు అల్లాడిపోతారు. పుస్తకం కింద పెట్టలేం. ఇంగ్లీషులో 1971లో వచ్చిన 'ది ఎక్సార్సిస్ట్' ఛాయలున్నాయన్నారు, ఉంటే ఉండనీండి, నాకు దానిమీద పేచీ లేదు. రంగనాయకమ్మగారు 'తులసిదళం కాదు, గంజాయిదమ్ము' అంటూ దుమ్ము దులిపారు. ఆ కోపంలో న్యాయముంది. కాని గంజాయి అన్నమాటతో నేను పూర్తిగా ఏకీభవించలేను. మత్తు తాగినవాడికే చేటు. ఈ నవలవల్ల చేటు జరిగేది చదివినవాడికి కాదు.

కథ చివర ఒక పక్క డాక్టరూ హిప్నాటిస్టూ, ఇంకో పక్క మంత్రగాడి విరుగుడుకోసం వెళ్ళినవాళ్ళూ పరుగులు పెడతారు. పిల్ల బతుకుతుంది. ఎవరివల్ల బతికిందో పాఠకుడే తేల్చుకోవాలి. రచయిత చాలా తెలివిగా రెండు తలుపులూ తెరిచిపెట్టారు. హైదరాబాదులో కూర్చుని చదివేవాడికి అది సరదా చిక్కుముడి. ఏజెన్సీ అంచున ఉన్న మన ఊళ్ళలో చదివేవాడికి ఆ రెండో తలుపు తిన్నగా ఒక గుడిసెలోకి తీస్తుంది. (అదే చేతితో ఆయన తర్వాత 'విజయానికి ఐదు మెట్లు' రాసి మన అన్నలందరికీ ఆత్మవిశ్వాసం పంచిపెట్టారనుకోండి. అది వేరే కథ.)

ఎందుకంటే తెలంగాణాలో బాణామతి అనేదాన్ని మన వైపు చిల్లంగి అంటాం. ఆ మాట మనకు నవల్లో మాట కాదు. పిల్లడికి జ్వరం తగ్గకపోయినా, ఆవు పాలివ్వకపోయినా, ఒకే ఇంట్లో రెండు చావులొచ్చినా ఎవరో ఒకరు ఆ మాట అంటారు. అన్న తర్వాత ఆ మాటకు ఒక మనిషి కావాలి. అది ఎప్పుడూ మోతుబరి ఇంట్లో దొరకదు. ఒంటరి విధవరాలో, ఆకుపసరు వైద్యం తెలిసిన ముసలాడో, పొలం తగువున్న దాయాదో దొరుకుతాడు. చిల్లంగి నెపంతో చంపేశారన్న వార్తలు మన మన్యం నుంచి పత్రికల్లో పదేపదే వచ్చినవే. దేశవ్యాప్తంగా నేరాల లెక్కలు కట్టే ప్రభుత్వ సంస్థ హత్యల కారణాల్లో మంత్రవిద్య అనుమానానికి వేరే గడి పెట్టిందంటే సంగతి అర్థం చేసుకోవచ్చు. పక్కనున్న ఒడిశా 2013లో దీనికోసమే ఒక చట్టం చేసుకోవలసి వచ్చింది.

మా పాలకొండ వైపు ఒక ఊళ్ళో (ఊరి పేరు రాయను) వీధి చివర ఒక ముసలమ్మ ఉండేది. "ఆవిడకి వచ్చునట్రా" అనేవారు. ఏటి వచ్చునో ఎవరూ చెప్పీవారు కాదు. ఆవిడ కొబ్బరి ముక్క పెడితే తల్లులు పిల్లల చేతిలోంచి లాగి పారీసీవారు. చావుకీ పెళ్ళికీ పిలుపు లేదు. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. ఒకరోజు మూట కట్టుకుని కూతురి ఊరెళ్ళిపోయింది. ఆవిడ పోయిన తర్వాత కూడా ఊళ్ళో జ్వరాలు వచ్చాయి లెండి.

ఇలాంటి ఊరి కుర్రాడి చేతిలో 'ప్రయోగం నిజమే కావచ్చు సుమా' అని సన్నగా చెప్పే నవల పెడితే ఆ ముసలమ్మ గతేమిటి? నా ఫిర్యాదు ఇదీ. దెయ్యం ఎవరి సొత్తూ కాదు, దెయ్యాన్ని ఎంతైనా రాయండి. కాని చేతబడి చేసేవాడికి ఊళ్ళో ఒక ఇల్లుంటుంది, ఒక ముఖం ఉంటుంది, దానిమీద రాయి పడుతుంది.

దీనికి మందు మన విజయనగరంలోనే ఎప్పుడో తయారైంది. 1892లో తొలిసారి ఆడిన 'కన్యాశుల్కం'లో పూజారి గవరయ్యను గుర్తు తెచ్చుకోండి. ఆడవేషం వేసుకుని పెళ్ళికూతురుగా వచ్చిన శిష్యుడు ఉడాయిస్తే, వచ్చింది కామినీ పిశాచమని లుబ్ధావధాన్లను నమ్మించి, దెయ్యాన్ని సీసాలో బిగించానంటాడు. ఆ దృశ్యం చూసి జనం కడుపుబ్బ నవ్వారు. గురజాడవారు మంత్రగాణ్ణి చూసి భయపడమనలేదు, వాడి వ్యాపారం చూడమన్నారు. ముసలాడి భయం వల్ల ఎవరి చేతికి డబ్బొస్తోందో చూపించారు. నూరేళ్ళు దాటినా ఆ సీసా బిరడా విప్పి చూసే భయం రచయిత మనకు రాలేదు.

ఇక నిజమైన భయం కావాలంటే కాళీపట్నం రామారావు మాస్టారి 'యజ్ఞం' చదవండి. అందులో దెయ్యమూ లేదు, మంత్రమూ లేదు. మన శ్రీకాకుళం పల్లె, పంచాయితీ, ఒక అప్పు లెక్క. చివరికి ఆ అప్పు కింద తన కొడుకు బానిస కాకూడదని సీతారాముడు చేసిన పని చదివిన రాత్రి మా హాస్టలు గదిలో నలుగురం లైటార్పలేదు. ఏ కాష్మోరా అలా చెయ్యలేకపోయింది. దాన్ని ఎవరూ భయం కథ అనరు, గొప్ప కథ అంటారు. రెండూ ఒకటి కావని ఎవరు చెప్పారు?

సినిమాల సంగతి కొంచెం. 2023లో వచ్చిన 'విరూపాక్ష' చేతబడి అనుమానంతో ఊరివాళ్ళు ఒక జంటను చంపడంతో మొదలవుతుంది. అబ్బ, ఇన్నాళ్ళకు మన కథ చెప్పబోతున్నారని నేను సీట్లో ముందుకు జరిగాను. తీరా చూస్తే ప్రయోగాలన్నీ నిజమేనని తేల్చారు. భయపెట్టడంలో లోటు లేదు, నేనూ రెండుసార్లు చెవులు మూసుకున్నాను. కాని రాళ్ళు వేసిన ఊరికి ఏ ప్రశ్నా మిగల్లేదు. 2018 నాటి హిందీ 'తుంబాడ్' చూడండి. అందులోనూ రాక్షసుడున్నాడు, కాని వాడు కదిలేది మనిషి దురాశతోనే. చూసి బయటికొచ్చినవాడు పక్కవాణ్ణి కాక తన జేబును తడుముకుంటాడు.

మిత్రులు కొందరంటారు, "కథ కథే బావా, దానికి సంఘసంస్కరణ తగిలిస్తే చప్పబడిపోద్ది" అని. నిజమే. నీతి చెప్పే దెయ్యమంత విసుగు పుట్టించేది లేదు. నేను నీతి అడగలేదు. మనకు తెలిసిన భయాన్ని రాయమంటున్నాను. ఉద్దానం చూడండి. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు కొబ్బరితోటల మధ్య పచ్చని ఊళ్ళు. ఆ ఊళ్ళలో మనుషుల మూత్రపిండాలు పాడవుతాయి. దశాబ్దాలుగా పరిశోధనలు జరిగినా ఇదీ కారణమని ఒక్కమాటగా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. ఇప్పుడొక పదిహేడేళ్ళ కుర్రాణ్ణి ఊహించండి. తాత పోయాడు, నాన్న డయాలిసిస్‌కు వెళ్తున్నాడు, బళ్ళో రక్తపరీక్షల శిబిరం పెట్టారు. వాడు వరసలో నిలబడాలా, తోటల్లోకి పారిపోవాలా? బావి దగ్గర రాత్రిపూట వాడికేదో కనిపించిందనుకుందాం. కనిపించనీండి! దెయ్యమే కావచ్చు. వాడి తాతే కావచ్చు. కాని ఊరివాళ్ళు "ఇది ఫలానా దాని చిల్లంగే" అన్నప్పుడు వాడేం చేస్తాడన్నదే కథ.

అలాగే 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను మన తీరాన్ని దాటిన రాత్రి ఉంది. ఏజెన్సీ నుంచి మొదటిసారి పట్నం హాస్టలుకొచ్చి, తన భాష విని అందరూ నవ్వుతుంటే మాటే మానేసిన సవర పిల్ల ఉంది. 'క్యారీ' చదివి ముచ్చటపడే మనకు ఆ పిల్ల పక్క మంచం మీదే ఉందని తట్టదు.

రాయాలంటే ముందు చదవాలి గనక ఇంకొక్క మాట. శ్రీకాకుళంలో రామారావు మాస్టారు 1997 ఫిబ్రవరి 22న ప్రారంభించిన కథానిలయం ఉంది. పాత పత్రికలూ, కథల సంపుటాలూ అక్కడ భద్రంగా దాచారు. సెలవుల్లో నలుగురం కలిసి వెళ్ళి, అందులో ఎన్ని భయం కథలున్నాయో, వాటిలో మంత్రగాణ్ణి ఏ కులంవాడిగా, ఏ ఊరివాడిగా రాశారో ఒక నోటుపుస్తకంలో రాసుకొద్దామని నా ఆలోచన. వచ్చేవాళ్ళు పేర్లివ్వండి. వచ్చే ఏడు సంచికకు సంపాదకులు ఎవరైనా సరే, ఆ నోటుపుస్తకానికి నాలుగు పేజీలూ, దాని పక్కన మనలో ఎవరో ఒకరు రాసిన దెయ్యం కథకు పది పేజీలూ అట్టేపెట్టాలి.