గృహవిజ్ఞానము: వేడినీటికి చోటు



స్నానపుగదిలోని గీజరు క్రిందనుండి చుక్కచుక్కగా నీరు కారుట చూచి కలతపడని యిల్లాలు అరుదు. ఉద్దానమువారికి నీటి విలువ వేఱుగ జెప్ప నక్కఱలేదు. మూత్రపిండవ్యాధి భయమున ప్రతి బిందెడు మంచినీటిని గూర్చియు యోచించు ప్రాంతమిది. కావున చుక్క వృథాయైనను మనసు చివుక్కుమనును. ఆ రంధ్రమును వెంటనే మూయింపవలెనని తోచును. ఆ పని ప్రాణాపాయకరము. ఏల యన, వినుడు.

నీరు కాగినకొలది ఉబ్బును. 25 లీటర్ల నీటిని 25 డిగ్రీలనుండి 60 డిగ్రీలవఱకు కాచినచో సుమారు 350 మిల్లీలీటర్లు, అనగా గ్లాసున్నర, అధికమగును. మన పెద్దలు వాడిన కాగునకు నోరు తెఱచియుండెను. రాగి బాయిలరునకు పైన నీళ్ళుపోయు మార్గముండెను. గీజరన్ననో మూసిన పాత్ర. ఉబ్బిన నీటికి చోటు లేనిచో లోపల ఒత్తిడి పెరిగి పాత్ర పగులవచ్చును. ఆ యొత్తిడిని విడుచుటకే క్రింద సేఫ్టీవాల్వు అను రక్షణకవాటము నమర్తురు. పలాసలో జీడిపిక్కల నావిరితో నుడికించు కర్మాగారముల బాయిలరులకును ఇట్టిదే యుండును. మన గీజరుది దానికి చెల్లెలు.

చుక్కలెపుడు పడుచున్నవో ముందుగా గమనింపుడు. కాగునపుడు మాత్రమే పడి, పిదప నిలిచినచో కవాటము తన పని తాను చేయుచున్నదన్నమాట. క్రింద చిన్న బొక్కెన నుంచినచో ఆ నీరు గది కడుగుటకు పనికివచ్చును. గీజరు చల్లగానున్నపుడును ఎడతెగక కారినచో, కవాటమున ఇసుకయో సుద్దయో ఇఱికినదనియో, వచ్చు నీటి యొత్తిడి హెచ్చినదనియో తలంపవలెను. పనివానిచే శుభ్రము చేయింపుడు, లేదా క్రొత్తది వేయింపుడు. ఎన్నడును చుక్క పడనిచో, ఉబ్బిన నీరు మిద్దెపై ట్యాంకునకు తిరిగిపోవు దారి యున్నదేమో యడుగుడు. అదియు లేనిచో కవాటము బిగిసిపోయినదేమో చూపింపవలెను.

నెలకొకసారి విద్యుత్తు నాపి, నీరు చల్లారినపిదప, కవాటపు మీట నెత్తి చూడుడు. నీరు రావలెను, విడువగనే నిలువవలెను. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు తీరమున ఉప్పుగాలికి లోహము త్వరగా త్రుప్పుపట్టును గనుక ఈ పరీక్ష మఱింత యవసరము. కుళాయినుండి ఆవిరి వచ్చినచో మాత్రము దేనిని ముట్టక, గదివెలుపలి స్విచ్చి నాపి, పనివానిని పిలువుడు.

మిద్దెపై ఎండతో నీరు కాచు సోలారు యంత్రమున్న యిండ్లలో, వేడినీటి పీపానుండి పైకి నిలిచిన గాలిగొట్టమే ఆ చోటు. దాని కొన చల్లనీటి ట్యాంకులోని నీటిమట్టముకంటె ఎత్తుగా నుండవలెను. లేనిచో నీరు పొర్లిపోవును. 2018 అక్టోబరు 11న పలాస సమీపమున తీరము దాటిన తిత్లీ తుపానువంటి గాలివాన వెలిసినపిదప, ఆ గొట్టము వంగెనేమో, మూసికొనెనేమో చూపింపుడు.

అమెరికా, కెనడా వంటి చలిదేశములందున్న మన బిడ్డల యిండ్లలో కొన్నింట బాయిలరు వేడినీటితో ఇల్లంతయు వెచ్చబఱచును. అచట ఉబ్బునీటికి వేఱుగ నొక చిన్న పీపా యుండును. దానిలో రబ్బరుపొర, పొర కొకవంక నీరు, వేఱొకవంక గాలి. పొర చినిగినను, గాలి తగ్గినను, బాయిలరు కాగినపుడెల్ల ఒత్తిడిముల్లు పైకెగసి రక్షణకవాటము కారును. గాలియెక్కించుచోట నొక్కినపుడు గాలికి మాఱు నీరు వచ్చెనా, పొర చినిగినట్లే; పీపాను మార్పింపవలెను. గాలి మాత్రమే తగ్గినచో, నీటివైపు ఒత్తిడిని తీసివేయించి తగినంత గాలి నింపింపవలెను. ఈ మాట మీ కుమార్తెలకు వ్రాయుడు.

కారుచున్న కవాటమునకు బిరడా కొట్టెదనను పనివాడు వచ్చినచో వలదని గట్టిగా చెప్పుడు. కారణమును వెదకి సరిచేయించుట యిల్లాలి వంతు. ఆ దారి తెఱచియుంచుట ఇంటిల్లిపాదికి క్షేమము.