పాట మిగిలితే చాలదు.. మాట వినపడాలి

హోసూరు పక్క పల్లెలో అవ్వ పాడితే మనవడు సెల్‌ఫోన్ పడతాడు. బరంపురంలో అమ్మమ్మ పాడినా అంతే. బళ్లారి భజన బృందం, షోలాపూర్ పద్మశాలీల పెళ్లి పాట, యానాం గొబ్బి పాట.. అన్నీ ఫోన్‌లోకి ఎక్కుతున్నాయి. సంతోషమే. చిక్కల్లా ఆ తర్వాతే. రెండు రోజులకు వాట్సాప్‌లో తిరిగే పాటలో డప్పు వినిపిస్తుంది, ఎకో వినిపిస్తుంది. అవ్వ ఏం పాడిందో మాత్రం ఎవరికీ తెలియదు.

సరిహద్దు అవతల తెలుగువాళ్లకు ఇది చిన్న విషయం కాదు. తమిళనాడులో 2006లో వచ్చిన చట్టంతో బడుల్లో తమిళం తప్పనిసరి అయింది. కన్నడం, ఒడియా, మరాఠీ బడుల్లో చదివే తెలుగు పిల్లల్లోనూ చాలామందికి ఇంట్లో మాట వచ్చుగానీ అక్షరం రాదు. అలాంటి పిల్లలకు పాటే పుస్తకం. ఆ పాటలో మాట మునిగిపోతే పుస్తకంలో అక్షరం చెరిగినట్టే. అందుకే ఫోన్‌లో పాట కలిపే పని నేర్చుకోవడం ఇప్పుడు సరదా కాదు, అవసరం.

ఖర్చు సాకు చెల్లదు

స్టూడియోకు డబ్బులెక్కడివి అనే రోజులు పోయాయి. ఐఫోన్‌లో గ్యారేజ్‌బ్యాండ్, ఆండ్రాయిడ్‌లో బ్యాండ్‌ల్యాబ్ ఉచితంగా దొరుకుతాయి. గొంతు, డోలు, తాళాలు దేనికది వేరు ట్రాక్‌లో పెట్టుకోవచ్చు. వాటి పాళ్లు కుదిర్చి కలపడమే మిక్సింగ్. కలిపిన పాట ఏ స్పీకర్లోనైనా సరిగా పలికేలా చివరి మెరుగు పెట్టడం మాస్టరింగ్. పులుసులో ఉప్పు, పులుపు కుదర్చడం మొదటిదైతే, దించేముందు రుచి చూసి పోపు పెట్టడం రెండోది.

సగం పని రికార్డింగ్‌లోనే ఉంది. ఫ్యాన్ ఆపాలి. ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టాలి. ఖాళీ గచ్చు గది కంటే బట్టలు, పరుపులు ఉన్న గది మేలు. ఫోన్ నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కగా ఉండాలి. మీటర్‌లో గొంతు గరిష్ఠంగా మైనస్ 12 నుంచి మైనస్ 6 డెసిబెల్స్ మధ్య ఆడితే చాలు. సున్నాను తాకిందా, గొంతు పగులుతుంది. దాన్ని తర్వాత బాగుచేయడం కష్టం. బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్‌లో శబ్దం ఆలస్యంగా చేరి తాళం తప్పుతుంది. వైరున్నవే వాడాలి.

ముందు గొంతు.. తర్వాతే బీటు

కొత్తవాళ్లు ముందు బీటు బిగించి, మిగిలిన సందులో గొంతును ఇరికిస్తారు. ఇది తలకిందుల పద్ధతి. ట్రాకులన్నీ తగ్గించి ముందు గొంతు పెట్టాలి. తర్వాత వాయిద్యాలను ఒక్కొక్కటిగా పైకి తేవాలి. మాట మసకబారిన చోట ఆగాలి.

గొంతు ట్రాక్‌లో 80-100 హెర్ట్జ్ కిందిది కోసేస్తే బండ్ల గుయ్‌మనే చప్పుడు తగ్గుతుంది. 200-400 మధ్య కొంచెం తగ్గిస్తే డబ్బాలో పాడినట్టుండటం పోతుంది. హల్లుల స్పష్టత ఎక్కువగా 2,000 నుంచి 5,000 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. అక్కడ తాళాలను, కీబోర్డును కాస్త తగ్గిస్తే గొంతుకు దారి దొరుకుతుంది. కంప్రెసర్ 2:1 లేదా 3:1 చాలు. రివర్బ్ చెవికి తెలిసేదాకా పెంచి, అక్కడి నుంచి కొంచెం వెనక్కి తగ్గాలి. ఆటోట్యూన్ జోలికి పోకపోవడమే మంచిది. జానపద గొంతులోని జారుడును అది తప్పనుకుని దిద్దేస్తుంది.

మాస్టరింగ్‌లోనూ 'ఎంత గట్టిగా ఉంటే అంత గొప్ప' అనే భ్రమ ఉంది. యూట్యూబ్ మరీ గట్టిగా ఉన్న పాటను తనంతట తానే తగ్గించేస్తుంది. చితక్కొట్టినంత మాత్రాన లాభం లేదు. లిమిటర్‌ను మైనస్ 1 డెసిబెల్ దగ్గర ఆపితే సరిపోతుంది. యాప్‌లు ఒక్క నొక్కుతో మాస్టరింగ్ చేసిపెడతాయి. అయితే ముందు, తర్వాత పాటలను ఒకే శబ్దంలో పోల్చి చూడాలి. గట్టిగా ఉన్నదే బాగున్నట్టు చెవి మోసపోతుంది. చివరికి ఫోన్ స్పీకర్లో సన్నగా పెట్టి వినాలి, గుడి మైకులో పెట్టి వినాలి. రెండుచోట్లా మాట తెలిస్తేనే పని పూర్తయినట్టు.

బీటు లేనిదే కుర్రకారు వినరని కొందరి వాదన. అందులో నిజం లేకపోలేదు. బీటు పెట్టుకోవచ్చు. కానీ ఏమీ కలపని అసలు గొంతును వేవ్ ఫైలుగా విడిగా దాచాలి. పాడినవారి పేరు, ఊరు, సంవత్సరం రాసిపెట్టాలి. వాట్సాప్‌లో పంపితే డాక్యుమెంట్‌గా పంపాలి. ఇవాళ్టి బీటు రేపటికి పాతబడుతుంది. అసలు గొంతుంటే ఇంకోతరం దాన్ని మళ్లీ కలుపుకుంటుంది. అదే పోతే కలపడానికి ఏముంటుంది?

తెలుగు సంఘాలు ఉగాదికి వేదికలు, శాలువాల మీద పెట్టే ఖర్చులో కొంత మిగిల్చి, ఒక్కరోజు పిల్లలకు ఈ పని నేర్పిస్తే బాగుంటుంది. భజన మందిరంలో పది ఫోన్లు, పది ఇయర్‌ఫోన్స్, పాడటానికి ఒక పెద్దావిడ ఉంటే చాలు.

అన్నీ అయ్యాక ఒక పరీక్ష మిగులుతుంది. పాట బయటికి పంపేముందు పాడిన అవ్వకే వినిపించాలి. 'ఈ మాట నేననలేదే' అందంటే మనవడు మళ్లీ కూర్చోవాల్సిందే. తన మాటను తాను గుర్తుపట్టి, సరేనంటేనే ఆ పాట ఊరు దాటాలి.