గడిలోని అంకె, వెనుకనున్న సూత్రం

1978లో హార్వర్డు వ్యాపార విద్యాలయంలో చదువుతున్న డాన్ బ్రిక్లిన్‌కు ఒక ఆలోచన తోచింది. నల్లబల్లపై వ్రాసిన పట్టికలో ఒక్క అంకె మారితే, దానిపై ఆధారపడిన అంకెలన్నిటినీ ఆచార్యుడు చెరిపి తిరిగి వ్రాయవలసి వచ్చేది. ఆ శ్రమను తప్పించాలన్న ఊహయే, మిత్రుడు బాబ్ ఫ్రాంక్‌స్టన్ తోడ్పాటుతో 1979లో విసికాల్క్‌గా రూపుదాల్చింది. నేటి ఎక్సెల్ వంటివన్నీ ఆ వంశంలోనివే.

పూర్వపు చిట్టా ఆవర్జాలకూ స్ప్రెడ్‌షీటుకూ గల భేదం వేగం మాత్రమే కాదు. చిట్టాలో వ్రాసేది అంకె; ఇక్కడ వ్రాసేది అంకెల మధ్య సంబంధం. దీపావళి విందుకు వచ్చేవారి సంఖ్య ఒక గడిలో, తలసరి ఖర్చు మరొక గడిలో ఉంచి, మూడవ గడిలో =ఏ2*బీ2 అన్న రీతిలో సూత్రం వ్రాస్తే చాలు. 200 బదులు 240 వేసిన క్షణమే మొత్తం తనంతట మారుతుంది. బీజగణితంలో అక్షరాలను చూచి బెదిరే పిల్లలకు చలరాశి అంటే ఏమిటో చూపడానికి ఇంతకంటె సులభమైన మార్గం అరుదు.

అయితే ఈ గుమాస్తా చెప్పినది చేస్తాడే గాని, అనుకున్నది చేయడు. 70, 80, 90 మార్కుల సగటు 80. సగటు కోసం =70+80+90/3 అని వ్రాస్తే యంత్రం 180 అంటుంది. భాగహారం 90కి మాత్రమే వర్తించింది. కుండలీకరణాలు మరచినది వ్రాసినవారే. వంద డాలర్ల బిల్లుకు 10 శాతం కలపదలచి =100+10% అని వ్రాస్తే 110 రాదు, 100.1 వస్తుంది. అన్నిటికంటె చిత్రమైనది =-2^2. పాఠశాలలో దీనికి జవాబు -4; ఎక్సెల్ మాత్రం ఋణ చిహ్నాన్ని ముందుగా లెక్కించి 4 అంటుంది. హోంవర్కును ఎక్సెల్‌తో సరిచూచుకొనే పిల్లలున్న ఇళ్లలో ఈ సంగతి తెలిసి ఉండడం మేలు.

కంటికి కనబడని పొరపాటు మరొకటి ఉంది. అంకెలా కనిపిస్తూ అక్షరంగా నమోదైన గడిని ‘సమ్’ సూత్రం లెక్కలోనికి తీసుకోదు. అదే గడిని + గుర్తుతో కలిపితే తీసుకొంటుంది. ఒకే పట్టికకు రెండు మొత్తాలు!

ఇది ఇంటి లెక్కలకే పరిమితం కాదు. ప్రభుత్వ ఋణం జాతీయోత్పత్తిలో 90 శాతం దాటిన దేశాలలో వృద్ధి కుంటుపడుతుందని ఆర్థికవేత్తలు కార్మెన్ రైన్‌హార్ట్, కెన్నెత్ రోగాఫ్ 2010లో ప్రకటించారు. ఖర్చుల కోత కోరేవారికి ఆ వ్యాసం ఆధారమైంది. 2013లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ పరిశోధక విద్యార్థి థామస్ హెర్న్‌డన్ వారి పట్టికను తెప్పించుకొని చూడగా, 49వ వరుసదాకా సాగవలసిన సగటు సూత్రం 44 వద్దనే ఆగి ఉంది. ఇరవై దేశాలలో ఐదు లెక్కలోనికే రాలేదు. ఆ వ్యాసంపై వచ్చిన విమర్శలలో దీని పాలు చిన్నదే. రచయితలు పొరపాటును అంగీకరించి, ప్రధానాభిప్రాయాన్ని మాత్రం విడువలేదు. అయినా మూడేళ్లపాటు లోకం చూచినది ఫలితాన్నే, గడిలోని సూత్రాన్ని కాదు.

యంత్రం ఉండగా పిల్లలకు ఎక్కాలెందుకనే తల్లిదండ్రుల వాదన తలక్రిందులైనది. మూడింటిలో పెద్దదైన 90ని మించి సగటు 180 ఎలా అవుతుందని ఉలిక్కిపడగలవారే సూత్రాన్ని దిద్దగలరు. ఆ ఉలికిపాటు నోటిలెక్క అలవడినవారికే కలుగుతుంది.

పెద్దల విషయం ఇంకా విచిత్రం. సంఘం వార్షిక లెక్కలు వరుస తీరి అచ్చులో కనబడితే ప్రశ్నించడం మర్యాద కాదనుకొంటారు. వెనుకటి అంగడి గుమాస్తా పైనుండి క్రిందికి ఒకసారి, క్రిందినుండి పైకి మరొకసారి కూడేవాడు. ఎవరూ తనను శంకిస్తున్నారని కాదు. నేటి సభ్యులు మొత్తాలతోపాటు సూత్రాలనూ చూపమని కోశాధికారిని కోరవచ్చు. అమెరికా కీబోర్డులో కంట్రోల్ మీటను, 1 అంకెకు ఎడమనున్న మీటను కలిపి నొక్కితే ఎక్సెల్ గడులలో సూత్రాలు బయటపడతాయి. మరల నొక్కితే అంకెలు తిరిగి వస్తాయి.