షాబాద్ చుట్టు కొట్టే సైకిలురాయుడు

ఆదివారం. తెల్లవారుజామున నాలుగున్నర. ఇంటిల్లిపాదీ ముసుగుతన్ని నిద్రపోతున్నారు. వంటింట్లో ఒక్కచోట మాత్రం లైటు వెలుగుతోంది. చప్పుడు కాకుండా గిన్నె మీద మూత తీసి, రాత్రి తోడేసిన చద్దన్నంలో ఉల్లిపాయ నంజుకుంటూ నిలబడే తినేస్తున్నాడో మానవుడు. ఒంటికి అతుక్కుపోయిన చొక్కా, దానికి ముందు వైపు ఒక్క జేబూ లేదు కానీ నడుం మీద మూడు జేబులు. కింద మెత్త పెట్టి కుట్టిన నల్ల నిక్కరు. నెత్తిన చిల్లులు చిల్లులుగా ఉన్న టోపీలాంటి హెల్మెట్.

కంగారు పడక్కర్లేదు. దొంగ కాదు. ఆ ఇంటి యజమానే. వారంలో ఆరు రోజులు ఆఫీసుకు ఎనిమిదిన్నర దాకా లేవని మనిషి, ఏడో రోజు కోడికంటే ముందు లేస్తాడు. మనవాళ్లు సోకు చేసుకునేవాణ్ని షోకిల్లారాయుడు అన్నట్టు, ఈయన్ని సైకిలురాయుడు అనుకుందాం. హైదరాబాద్‌లో పడమటి వైపు కాలనీల్లో ఇలాంటి రాయుళ్లు ఇప్పుడు వీధికొకరు తేలతారు. ఆడవాళ్లూ ఉన్నారు, అరవై దాటినవాళ్లూ ఉన్నారు. 2007లో హైదరాబాద్ బైసికిలింగ్ క్లబ్ మొదలయ్యేనాటికి రోడ్డు మీద హెల్మెట్ పెట్టుకుని సైకిలు తొక్కేవాణ్ని జనం ఆగి మరీ చూసేవారు. ఇప్పుడు చూడటం మానేశారు. ఒక్క ప్రశ్న మాత్రం మానలేదు.

ఆ ప్రశ్న చేవెళ్లలో చాయ్ తాగేటప్పుడు వస్తుంది.

"సార్, ఎంత పడ్డది సైకిల్?"

రాయుడు గొంతు తగ్గించి నిజం చెబుతాడు. అటువైపు కళ్లు పెద్దవవుతాయి.

"గంతకు మంచి మోటర్ సైకిలే వస్తుండె గద సార్!"

ఇంట్లో చెప్పిన రేటు వేరు. అది ఇక్కడ రాస్తే బాగుండదు.

గేరు గోల

ఒకప్పుడు సైకిలంటే మన ఇళ్లల్లో రెండు మూడు పేర్లే. అట్లాస్, హీరో, హెర్క్యులెస్. గంటకింత అని అద్దెకు తెచ్చుకుని, సీటు అందక గొట్టం కిందనుంచి కాలు దూర్చి కైంచీ తొక్కుతూ మోకాళ్లు చెక్కుకున్న తరం మనది. ఆ అట్లాస్ 1951లో సోనీపట్‌లో పుట్టింది. 2020 జూన్ 3న, అంటే సరిగ్గా ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడే, దాని సాహిబాబాద్ ఫ్యాక్టరీ మూతపడింది. రాయుళ్లు ఈ ముక్క చెప్పేటప్పుడు కాసేపు మౌనం పాటిస్తారు. తర్వాత మళ్లీ తమ కార్బన్ ఫ్రేముల కబుర్లలో పడిపోతారు.

కొనేవాడికి ఇప్పుడు మూడు దారులున్నాయి. సన్న టైర్లు, వంకీ తిరిగిన హ్యాండిల్ ఉన్న రోడ్ బైకు ఒకటి. లావు టైర్లు, ముందు స్ప్రింగులతో గుట్టలెక్కే మౌంటెన్ బైకు ఇంకోటి. ఈ రెంటికీ నడిమధ్యది హైబ్రిడ్. కొత్తగా దిగేవాడు నూటికి తొంభై పాళ్లు బొమ్మ చూసి స్ప్రింగుల సైకిలే కొంటాడు. నున్నటి తారు రోడ్డు మీద ఆ స్ప్రింగు చేసే పనల్లా మన కాళ్ల బలాన్ని సగం మింగేయడమే. బీజాపూర్ రోడ్డుకో, షాబాద్ దారికో అయితే 32 మిల్లీమీటర్ల టైరున్న హైబ్రిడ్ చాలు. ఒకప్పుడు పందేల్లో వాడిన 23 మిల్లీమీటర్ల టైరు వేసుకొస్తే పల్లెటూరి స్పీడు బ్రేకర్లు వెన్నుపూసలు లెక్కపెట్టిస్తాయి.

ఇక గేర్లు. ముందు మూడు పళ్ల చక్రాలు, వెనక ఏడు... మూడేళ్లు ఇరవై ఒకటి అని దుకాణంవాడు లెక్క చెబుతాడు. నిజానికి వాటిలో సగానికి సగం ఒకదానికొకటి అటూ ఇటూగా సమానమే. చెయిన్ ఏటవాలుగా సాగే జోడీలనైతే అసలు వాడకూడదు, పళ్లు అరిగిపోతాయి. అసలు రహస్యం గేర్ల సంఖ్యలో లేదు, కాళ్ల లెక్కలో ఉంది. మామూలుగా తొక్కేవాడి పెడల్ నిమిషానికి యాభై, అరవై సార్లు తిరుగుతుంది. చేయి తిరిగినవాడు (ఇక్కడ కాలు తిరిగినవాడు అనాలేమో) తేలిక గేరులో ఎనభై, తొంభై సార్లు తిప్పుతాడు. బరువు గేరులో బలంగా తొక్కితే మగతనంలా కనిపిస్తుంది కానీ, రెండేళ్లకల్లా మోకాళ్ల డాక్టరు దగ్గర లైన్లో కూర్చోబెడుతుంది.

సీటు సంగతీ అంతే. మెత్తటి జెల్ సీటు మీద మొదటి పది కిలోమీటర్లు స్వర్గం, ఆ తర్వాత రాపిడి. గట్టి సీటే మేలు, మెత్తదనం నిక్కరులో ఉండాలి. ఎత్తు ఎంతుండాలో తెలుసుకోవడానికి మీటర్లూ అవీ అక్కర్లేదు. పెడల్ పూర్తిగా కిందికొచ్చినప్పుడు మడమ పెడితే కాలు నిటారుగా రావాలి. పాదం ముందు భాగంతో తొక్కేటప్పుడు మోకాలు అదే కాస్త వంగుతుంది. మన వీధుల్లో సైకిళ్లు తొక్కే పిల్లల్ని చూడండి, పదిమందిలో ఎనిమిది మంది సీటు పొట్టిగా పెట్టుకుని కప్పల్లా తొక్కుతుంటారు.

జేబుల్లో ఏముంటాయి? ఒక ట్యూబు, రెండు ప్లాస్టిక్ లివర్లు, అతుకుల డబ్బీ, జానెడు పంపు. చేవెళ్ల దాటాక పంక్చర్ షాపు తెరిచే వేళకు ఎండ నడినెత్తికొస్తుంది. ఇక్కడి శత్రువు గాజుపెంకు కాదు, పల్లేరుకాయ. ఏ వైపు పడినా ఒక ముల్లు పైకే ఉంటుంది దానికి! ట్యూబు మార్చేవాడు మొదట చేయాల్సింది టైరు లోపలంతా వేళ్లతో తడిమి ఆ ముల్లును పీకడం. తొందరలో ఇది మరిచిపోయి, కొత్త ట్యూబుకూ అదే ముల్లు దిగి, బస్సు టాపు మీద సైకిలేసుకుని ఇల్లు చేరినవాళ్లకు లెక్కలేదు.

ఇన్ని చెప్పినా ఆదివారం సాయంత్రం రాయుడిని చూస్తేనే అసలు పిచ్చి తెలుస్తుంది. బాల్కనీలో పాత బనీను ముక్క పట్టుకుని చెయిన్ తుడుస్తుంటాడు. స్కేలు పెట్టి కొలుస్తాడు. కొత్త చెయిన్‌కు పన్నెండు లింకుల జతలు కచ్చితంగా పన్నెండంగుళాలు రావాలి. అంతకు వెంట్రుక మందం పెరిగినా మొహం వాడిపోతుంది. పిల్లల ప్రోగ్రెస్ కార్డు కూడా అంత శ్రద్ధగా చూడడని ఇల్లాలి ఫిర్యాదు.

రూటు మారింది

మెహదీపట్నం నుంచి పోలీసు అకాడమీ, మొయినాబాద్ మీదుగా చేవెళ్లకు నలభై కిలోమీటర్ల సుమారు. ఈ రోడ్డంటే సైకిలువాళ్లు ప్రాణం పెట్టడానికి కారణం మర్రిచెట్లు. తొమ్మిది వందల పైచిలుకు ఊడల మర్రులు రెండువైపుల నుంచీ వంగి కొన్నిచోట్ల రోడ్డుకు కప్పు వేసినట్టుంటాయి. మే నెలలో కూడా వాటి కింద దూరితే చెమట ఆరిపోతుంది. కుడి పక్క చిలుకూరుకు దారి. వీసా బాలాజీకి నూటెనిమిది ప్రదక్షిణలు చేసేవాళ్లు కార్లలో వెళ్తుంటే, రాయుడు బయటినుంచే దండం పెట్టి సాగిపోతాడు. ఆయన ప్రదక్షిణ వేరే ఉంది.

చెట్లు బాగానే ఉన్నాయి. రోడ్డే ఇరుకు. తాండూరు బండలు, సిమెంటు, కంకర... అన్నీ ఇటే రావాలి, ఇటే పోవాలి. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్లు వెడల్పు చేయాలన్న పని, చెట్లు కొట్టొద్దన్న కేసుతో హరిత ట్రిబ్యునల్‌లో ఏళ్ల తరబడి నానింది. చాలావరకు చెట్లను నిలిపే షరతు మీద 2025 చివర్లో గానీ దారి తేలలేదు. ఈలోగా 2024 డిసెంబర్‌లో ఆలూరు స్టేజీ దగ్గర రోడ్డు పక్కన కూరగాయలు అమ్ముకునేవాళ్ల మీదికి లారీ దూసుకొచ్చింది. 2025 నవంబర్ 3 తెల్లవారి మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్ ఆర్టీసీ బస్సును ఢీకొట్టింది. 19 మంది పోయారు. అందులో సెలవు ముగించుకుని కాలేజీలకు వెళ్తున్న ఆడపిల్లలూ ఉన్నారు.

ఇలాంటి వార్త వచ్చిన రోజు సైకిలువాళ్ల ఇళ్లల్లో ఏం జరుగుతుందో ఊహించుకోవచ్చు. ఎవరూ అరవరు. టీవీ ముందు కూర్చున్న ఇల్లాలు వెనక్కి తిరిగి ఒక్క చూపు చూస్తుంది. అంతే.

"అవుటర్ పక్కన సైకిల్ ట్రాక్ కట్టారుగా, అక్కడ తొక్కుకోవచ్చుగా?"

నిజమే. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీసు అకాడమీ వైపు ఒకటి, నార్సింగి నుంచి కొల్లూరు దాకా ఒకటి, కలిపి 23 కిలోమీటర్ల సోలార్ ట్రాక్ 2023 అక్టోబర్ 1న మొదలైంది. పైన సోలార్ పలకలు, కింద నీడ. పిల్లలకు నేర్పడానికి అంతకంటే మంచి చోటు లేదు. రాయుడు బుధవారాలు అక్కడికి వెళ్తాడు కూడా. కానీ మనసు పట్టదు. గానుగెద్దులా తిరిగినట్టుంటుందంటాడు. అక్కడ పాలపిట్ట కనిపించదంటాడు. పాలపిట్ట దసరాకు ఒక్కరోజు చూస్తే చాలు కదా అంటే వినడు, ప్రతి ఆదివారం చూడాలంటాడు.

చివరికి కుదిరిన రాజీ ఇదీ. చేవెళ్ల దాటి పెద్ద రోడ్డు మీద వికారాబాద్ వైపు పోకూడదు. చేవెళ్ల నుంచి ఎడమకు తిరిగి షాబాద్ దారి పట్టాలి. దాదాపు ఇరవై కిలోమీటర్లు. అక్కణ్నుంచి శంషాబాద్ మీదుగా ఇల్లు. మొత్తం చుట్టు వంద దాటుతుంది. వెనక ఎర్ర లైటు పట్టపగలు కూడా వెలుగుతూ ఉండాలి. గంటకోసారి ఫోన్. ఎనిమిదింటికి షాబాద్ నుంచి రెండో ఫోన్ రాకపోతే మూడో ఆదివారం ఉండదు.

షాబాద్ అనగానే చాలామంది 'ఓ, బండల ఊరా' అంటారు. పాపం, ఆ కీర్తి ఈ ఊరిది కాదు. మన ఇళ్లల్లో పరిచిన షాబాదు బండలకు పేరిచ్చింది కర్ణాటకలో కలబురగి జిల్లా షాహాబాద్. మన షాబాద్ దారిలో ఉండేది పత్తి, మొక్కజొన్న, టమాటా, చామంతి తోటలు. ఈ మధ్య చందనవెల్లి వైపు బట్టల మిల్లులు, డేటా సెంటర్లు వచ్చాక ఇటూ లారీలు పెరిగాయి. ఆ సంగతి రాయుడు ఇంట్లో ఇంకా చెప్పలేదు.

అరటిపండు, పల్లిపట్టి, జొన్నరొట్టె

సైకిలు తొక్కేవాడి కడుపు వేరే జాతి. కండరాల్లో దాచుకున్న చక్కెర గంటన్నర, మహా అయితే రెండు గంటలు వస్తుంది. అది అయిపోతే కళ్లు తిరిగి, కాళ్లు మొద్దుబారి, రోడ్డు పక్క రాయి మీద కూలబడాల్సిందే. కాబట్టి ఆకలేశాక తినడం కాదు, ఆకలికి ముందే తినాలి. గంటకు ముప్ఫై నుంచి అరవై గ్రాముల పిండిపదార్థం. ఒక మంచి సైజు అరటిపండులో పాతిక గ్రాముల దాకా ఉంటుంది. దుకాణాల్లో ఇదే లెక్కకు రేకు పొట్లాల్లో తీపి జిగురు అమ్ముతారు. రాయుడు ఒకసారి కొన్నాడు. రేటు చూసి, రుచి చూసి, పల్లిపట్టికి మారిపోయాడు. బెల్లం, పల్లీలు... అంతకు మించిన పొట్లం ఎవడు కనిపెట్టాడు?

రెండు సీసాల్లో ఒకటి మంచినీళ్లు, ఇంకోటి నిమ్మకాయ పిండి ఉప్పు, చక్కెర కలిపినవి. చేవెళ్లలో చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు. షాబాద్‌లో వేడి ఇడ్లీలు. వానాకాలమైతే బొగ్గుల మీద కాల్చిన మక్కపొత్తులు, చలికాలం ముందు గంపల్లో సీతాఫలాలు. సీతాఫలం దగ్గర ఆగితే మాత్రం సగటు వేగం నాశనమే, గింజలు ఊసే పని తెమలదు.

ఇంటికి చేరేసరికి పదకొండు. చేతివాచీ రెండు వేల కేలరీలపైనే కరిగాయని చూపిస్తుంది. అక్కడే మోసం. ఆ అంకె చూసి మధ్యాహ్నం బిర్యానీ, పైన డబుల్ కా మీఠా లాగించి, సాయంత్రం మిర్చీబజ్జీలు... ఆర్నెల్లుగా తొక్కుతున్నా బొజ్జ తగ్గలేదేమిటని అడిగేవాళ్లంతా ఈ బాపతే. రాయుడిదీ ఒకప్పుడు అదే కథ. ఇప్పుడు ఆదివారం భోజనం జొన్నరొట్టె, పుంటికూర పప్పు, పచ్చిమిర్చి తొక్కు. బిర్యానీ ఉంది, కానీ నెలకోసారి. అది కూడా రెండు వందల కిలోమీటర్ల బ్రెవే తొక్కిన ఆదివారమే. పదమూడున్నర గంటల్లో పూర్తిచేయాలి, బహుమతి లేదు, ఫస్టు సెకండు లేవు. మూడు వందలకు ఇరవై గంటలు, నాలుగు వందలకు ఇరవై ఏడు, ఆరు వందలకు నలభై. నాలుగూ ఒకే ఏడాది పూర్తిచేసినవాణ్ని సూపర్ రాండనీర్ అంటారు. 'దానివల్ల ఏమొస్తుంది' అని అడిగే బావమరిదికి రాయుడు ఇంతవరకు సరైన జవాబు చెప్పలేకపోయాడు.

ఆయన నడుం జేబులో ఈ మధ్య ఇంకో వస్తువు చేరింది. ఎర్ర రేడియం టేపు చుట్ట, చిన్న కత్తెర. షాబాద్ దారిలో తెల్లవారకముందే సైకిళ్లు కనిపిస్తాయి. పాల క్యాన్లు కట్టుకున్నవాళ్లు, పూలతోటల్లో కూలికి వెళ్లేవాళ్లు, మిల్లులో రాత్రి డ్యూటీ దిగి వచ్చేవాళ్లు. గేర్లు లేవు, హెల్మెట్ లేదు, మడ్‌గార్డు మీద ఉండాల్సిన ఎర్రబిళ్ల ఎప్పుడో రాలిపోయింది. లారీవాడికి పది అడుగుల దగ్గరకొచ్చేదాకా కనపడరు. లక్ష రూపాయల సైకిలు మీద మూడు లైట్లతో వెళ్లేవాడికి వాళ్లను దాటుకుపోవడం మొదట్లో బాగానే ఉండేది, గర్వంగా కూడా ఉండేది. ఇప్పుడు చాయ్ బండి దగ్గర ఆగిన ప్రతి సైకిలు వెనక్కీ వెళ్లి అడుగుతాడు.

"తాతా, జర ఆగు. టేపు అంటిస్తా."

"పైసలెన్ని బిడ్డా?"

"పైసల్లేవు."

పెద్దాయన నమ్మడు. అనుమానంగా చూస్తూనే స్టాండు వేస్తాడు. రాయుడు మడ్‌గార్డు మీది మట్టి జేబురుమాలుతో తుడిచి, రెండు జానల టేపు అంటిస్తాడు. పెడళ్లకు చెరో ముక్క. వంగి చూసిన పెద్దాయన చూపు మెల్లగా రాయుడి సైకిలు మీదికి మళ్లుతుంది.

"గిదెంత పడ్డది బిడ్డా?"