సెకండ్ హ్యాండ్ లగ్జరీ ఎస్‌యూవీ కొంటున్నారా? ముందు బండి కిందికి చూడండి

పాత ఫోన్ కొనేటప్పుడు బ్యాటరీ హెల్త్ అడుగుతాం. ఫోల్డబుల్ అయితే నాలుగుసార్లు తెరిచి మూసి హింజ్ చూస్తాం. అదే పాత లగ్జరీ ఎస్‌యూవీ దగ్గరికి వచ్చేసరికి సన్‌రూఫ్, పెద్ద స్క్రీన్ చూసి పడిపోతాం.

నల్గొండలో ఉండే మా బావ సంగతి అదే. హైదరాబాద్‌లో బండి కొన్నాడు. హైవే మీద వెన్నలా పోయింది. ఒకరోజు శ్రీశైలం బయల్దేరాం. మన్ననూరు దాటి నల్లమల మలుపులు మొదలయ్యాక డ్యాష్‌బోర్డు మీద వార్నింగ్ లైట్ వెలిగింది, బండి ఎప్పటికన్నా ఎక్కువగా ఒరగడం మొదలుపెట్టింది. "గిదేందిరా, పడవ లెక్క ఊగుతుంది" అన్నాడు బావ. తీరా చూస్తే యాక్టివ్ యాంటీ రోల్ సిస్టమ్‌లో ఆయిల్ లీక్. రిపేర్‌కి మళ్లీ హైదరాబాదే పోవాల్సి వచ్చింది.

అసలు ఇది చేసే పనేంటి?

మామూలు కారులో ఎడమ, కుడి చక్రాలను కలుపుతూ ఒక స్టీల్ బార్ ఉంటుంది. మలుపులో బండి ఒరగకుండా అది మెలితిరిగి ఆపుతుంది. బార్ గట్టిగా ఉంటే మలుపులో బాగుంటుంది. కానీ ఒక చక్రం గుంతలో పడితే ఆ కుదుపు రెండో వైపుకీ పాకుతుంది. హైడ్రాలిక్ సిస్టమ్‌లో ఈ బార్‌కి సిలిండర్ గానీ, మధ్యలో హైడ్రాలిక్ మోటార్ గానీ పెడతారు. ఇంజిన్‌తో తిరిగే పంపు ప్రెషర్ ఇస్తుంది. బండి ఎంత ఒరుగుతుందో సెన్సర్ చెప్తే, వాల్వ్ బ్లాక్ ఆయిల్‌ని అటో ఇటో తోస్తుంది. తిన్నటి రోడ్డు మీద ప్రెషర్ తగ్గి బార్ వదులవుతుంది.

రివ్యూలన్నీ మలుపుల గురించే రాస్తాయి. నన్నడిగితే మన ఊళ్ల రోడ్లకు అసలు లాభం ఆ వదులవడంలోనే ఉంది.

టెక్నాలజీ గొప్పదే, డౌట్ లేదు. 1994లో వచ్చిన సిట్రోయెన్ గ్జాంటియా ఆక్టివా మలుపులో దాదాపు ఒరిగేదే కాదు. కానీ పంపు, వాల్వులు, సీళ్లు, కారు కింద బురదలో తడిసే పైపులు... వీటిలో ఏ ఒక్కటి పోయినా కథ మొదటికొస్తుంది. కంపెనీలు కూడా ఆయిల్ వదిలి కరెంటు వైపు వెళ్తున్నాయి. 2016 ఆడి ఎస్‌క్యూ7, 2022 రేంజ్ రోవర్ స్పోర్ట్ 48 వోల్టుల మోటార్లు వాడాయి. టొయోటా కేడీఎస్ఎస్ ఇంకో దారి: పంపే లేదు, ముందు వెనక సిలిండర్లను పైపులతో కలిపేస్తుంది. పాడయ్యే పార్టులు తక్కువ కాబట్టి నా ఓటు దీనికే.

అందుకే కొనేముందు ఈ నాలుగు చూడండి:

1. ఇగ్నిషన్ ఆన్ చేయగానే వార్నింగ్ లైట్లు వెలిగి ఆరాలి. అసలు వెలగకపోతే అదీ అనుమానమే.
2. లిఫ్ట్ ఎక్కించి పైపుల జాయింట్లు, బార్ దగ్గర ఆయిల్ తడి ఉందేమో చూడండి.
3. ఆయిల్ లెవెల్ చూడండి. ఈమధ్యే టాప్ అప్ చేశారా అని అడగండి.
4. తిన్నటి హైవే మీద టెస్ట్ డ్రైవ్ చాలదు. మలుపులున్న రోడ్డు మీద నడపండి.

అమ్మేవాడు లిఫ్ట్ ఎక్కించడానికి ఒప్పుకోకపోతే? ఆ బండి వదిలేయండి. పది లక్షలు తగ్గించినా సరే.