పదమూడు అక్షరాలకి అంత నవ్వా?

పొద్దున రేడియో వాళ్లతో నాకొక తగువు ఉంది. తగువు అంటే గొడవే, కానీ నాది నాకు కావలసిన వాళ్లతో. ఈ మాట నేర్చుకున్నప్పటి నుంచి వాడే అవకాశం కోసం చూస్తున్నాను, ఇదిగో దొరికింది.

నేను ఆ కార్యక్రమాలకి శత్రువుని కాదు. ఏడింటికి కారు తీస్తే ఆఫీసు చేరే దాకా అవే వింటాను. ట్రాఫిక్, వాతావరణం, ఒక పాట, మధ్యలో ముగ్గురు కూర్చుని వింత వార్తలు చదువుకుని నవ్వుకోవడం. అమెరికాలో ఈ పద్ధతిని మార్నింగ్ జూ అంటారు. 1980ల మొదట్లో ఫ్లోరిడాలోని టాంపాలో స్కాట్ షానన్, క్లీవ్‌లాండ్ వీలర్ అనే ఇద్దరు దానికి పేరు తెచ్చారు. ఇక్కడ బ్రిటన్‌లో స్టీవ్ రైట్ అదే జూని రేడియో 1లో మధ్యాహ్నం పూట పెట్టాడు. మా ఊరి స్టేషన్లో ఇప్పటికీ అదే వరస. ఒకరు చెప్తారు, ఒకరు "ఊరుకో!" అంటారు, ఒకరు నవ్వుతారు. మూడోవాళ్ల ఉద్యోగం అదే అనుకుంటాను.

ఫ్లోరిడాలో ఒకాయన బర్గర్ల షాపు కిటికీలోంచి లోపలికి మొసలిని విసిరాడట. ఇలాంటివి నాకు పొద్దున్నే కాఫీతో సమానం. నా తగువు దీంతో కాదు.

నా తగువు ఒక రైల్వే స్టేషన్ గురించి. మీరు కూడా ఈ ట్రివియా వినే ఉంటారు, ఎందుకంటే అది ప్రతి ఏడాదీ తిరిగి వస్తుంది. "ఇండియాలో ఒకే మాటగా రాసే స్టేషన్ పేర్లలో అన్నిటికన్నా పొడుగైనది ఏది? 28 అక్షరాలు!" తర్వాత ఆ పేరు చదవడం మొదలుపెడతారు. "వెంకటా... నారా... నారసీ... బాబోయ్!" అప్పుడు కారు స్టార్ట్ కాని శబ్దం ఒకటి వేస్తారు. మూడోవాళ్లు నవ్వుతారు. పాట వస్తుంది.

ఆ స్టేషన్ పేరు వెంకటనరసింహరాజువారిపేట. రేణిగుంట నుంచి అరక్కోణం వెళ్లే లైన్లో, తమిళనాడు సరిహద్దు పక్కన ఉంది. ఇప్పుడు మీరు నాతో పాటు వేళ్ల మీద లెక్కపెట్టండి. వెం, క, ట, న, ర, సిం, హ, రా, జు, వా, రి, పే, ట. పదమూడు. అంతే. ఇందులో కష్టమైన ఒత్తు ఒక్కటి కూడా లేదు. మనలాంటి వాళ్లం రెండో నెలలో చదవగలిగే మాట ఇది. "స్వాతంత్ర్యం" ఎన్ని వారాలు పట్టిందో గుర్తుందా? దాని ముందు ఇది చలిమిడి ముద్ద.

28 అనేది ఆ ఊరి గుణం కాదు. ఇంగ్లీషులో రాస్తే వచ్చే లెక్క అది. మనం 'క' అని ఒక్క అక్షరం రాసే చోట వాళ్లకి రెండు కావాలి. 'సిం'కి మూడు కావాలి. అంటే పొడుగు ఉన్నది లిపిలో, పేరులో కాదు. ఇంకొకరి చొక్కా తొడిగి, చేతులు పొడుగయ్యాయని నవ్వినట్టు ఉంది.

నా మాట నమ్మకపోతే వేల్స్ వాళ్లని అడగండి. ఆంగ్లెసీ ద్వీపంలో ఒక ఊరుంది, లాన్‌వైర్‌పుల్ అని మొదలై గోగోగోఖ్ అని ముగుస్తుంది. ఇంగ్లీషు లెక్కలో 58 అక్షరాలు. కానీ వెల్ష్ భాషలో రెండు 'ఎల్'లు కలిస్తే ఒకే అక్షరం, 'సీ హెచ్' కూడా ఒకే అక్షరం. వాళ్ల లెక్కలో 51. పైగా అది 19వ శతాబ్దంలో రైలెక్కి వచ్చే జనం కోసం కావాలని సాగదీసిన పేరు. మన స్టేషన్ పేరు ఎవరూ సాగదీయలేదు. వెంకటనరసింహరాజు అనే ఆయన పేట, మర్యాదగా "వారి" చేర్చారు. పేరులోనే "గారూ" అన్నట్టు గౌరవం ఉంది చూడండి. నవ్వు వచ్చేది ఆ "వారి" దగ్గరే, అప్పటికి చదివేవాడికి ఊపిరి అయిపోతుంది.

2015 సెప్టెంబరులో ఛానల్ 4లో వాతావరణం చెప్పే లియమ్ డటన్ ఆ వెల్ష్ ఊరి పేరు మొత్తం గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. ఆ వీడియో ప్రపంచమంతా తిరిగింది. జనం నవ్వారు, కానీ ఎలా నవ్వారు? సర్కస్‌లో తీగ మీద నడిచేవాడిని చూసి నవ్వినట్టు, ఆనందంతో. ఒకే రకం ట్రివియా, ఒకే రకం పొడుగు పేరు. ఒక జోకు ఆ పేరు పలకగలగడం మీద నిలబడింది, రెండోది పలకడానికి ప్రయత్నించకపోవడం మీద. మొదటిదానికి ఎవరో ఇంట్లో కూర్చుని నేర్చుకోవాలి. రెండోదానికి కారు శబ్దం చాలు. నేను దాన్ని హాస్యం అనను, బద్ధకం అంటాను.

"అలవాటు లేదు పాపం" అని మా పెద్దనాన్న అంటారు. అలవాటు లేకపోవడమేమిటి? అదే నోళ్లు ష్వార్జెనెగర్ అంటాయి, చైకోవ్‌స్కీ అంటాయి. చెషర్‌లో ఒక కోట ఉంది, పేరు ఇంగ్లీషులో 12 అక్షరాలు. దాన్ని "చమ్లీ" అని పలకాలి, తెలుగులో రెండే అక్షరాలు. 12 రాసి రెండు పలికే దేశం మన పేర్లు కష్టమంటోంది! బీబీసీ వాళ్లు 1926లోనే ఇంగ్లీషు మాటలు ఎలా పలకాలో తేల్చడానికి కమిటీ వేసుకున్నారు, అందులో బెర్నార్డ్ షా కూడా ఉన్నాడు. ఇప్పటికీ అక్కడ అన్ని భాషల పేర్లకీ ఒక ఉచ్చారణ విభాగం ఉంది. అన్ని స్టేషన్లకీ అంత సౌకర్యం ఉండదు, ఒప్పుకుంటాను. కానీ ఫోను ఉంటుంది. ఆ మొసలి వార్తకి జోకు రాసుకునే టైముంటే, ఒక పేరు మూడుసార్లు పలికి చూసుకునే టైమూ ఉంటుంది.

"లైట్ తీసుకో" అనే వాళ్లకి ఒక సంగతి చెప్తాను. మా అమ్మమ్మ ఎనభయ్యో పుట్టినరోజుకి మా కజిన్ ఒక స్టేషన్‌కి శుభాకాంక్షలు చెప్పమని రాసింది. స్టేషన్ పేరు ఇక్కడ అనవసరం. అమ్మమ్మ పేరు సీతామహాలక్ష్మి. ఆరున్నరకే తలస్నానం చేసి, చీర కట్టుకుని, వంటింట్లో రేడియో పక్కన స్టూలు మీద కూర్చుంది. ఆయన "సీటా... మహా..." అని ఆగాడు. కారు శబ్దం. "మనం ఈవిడని గ్రానీ ఎస్ అందాం!" నవ్వులు. అమ్మమ్మకి ఇంగ్లీషు అంతగా రాదు. "ఏమన్నాడే?" అంది. "నీకు హ్యాపీ బర్త్‌డే చెప్పాడు అమ్మమ్మా" అంది కజిన్. "పేరు చెప్పలేదుగా" అంది అమ్మమ్మ, లేచి ఉప్మాకి నీళ్లు పెట్టింది. ఏడవలేదు, కోపం తెచ్చుకోలేదు. మళ్లీ ఆ రేడియో మాత్రం పెట్టలేదు. ఆవిడ పేరు ఆరు అక్షరాలు.

ఇంతవరకూ ఇంగ్లీషు వాళ్ల మీద. ఇప్పుడు మన వాళ్ల సంగతి, అసలు కోపం ఇక్కడే ఉంది.

నేను తెలుగు నేర్చుకున్నది సగం ఇంటర్నెట్‌లో వచ్చే తెలుగు రేడియోల నుంచే. పొద్దున కబుర్లకి మించిన పాఠం లేదు. పుస్తకంలో "అట" గురించి ఒక లైను ఉంటుంది. రేడియోలో పది నిమిషాలు వింత వార్తలు వినండి, "వెళ్లాడట", "తిన్నదట", "లేదుట", యాభైసార్లు వస్తుంది. తెలుగులో విన్న మాటకీ చూసిన మాటకీ క్రియలోనే తేడా చూపించవచ్చు. ట్రివియాకి ఇంతకన్నా మంచి భాష ఏముంటుంది? నార్మన్ మెయిలర్ 1973లో "ఫ్యాక్టాయిడ్" అనే మాట పుట్టించాడు, అచ్చులో పడ్డాక మాత్రమే నిజమైపోయే సంగతి అనే అర్థంలో. ఇంగ్లీషులో తర్వాత ఆ అర్థం జారిపోయి, చిన్న సరదా నిజం అయింది. మనకి అలాంటి కొత్త మాట అక్కర్లేదు, చివర "ట" పెడితే చాలు.

మరి అంత మంచి భాషలో ఒక తెలుగు హోస్ట్ ఏం చేసిందో వినండి. అదే ట్రివియా. "ఇరవై ఎనిమిది లెటర్స్ అంట అండీ! అమ్మో!" తెలుగు షో, తెలుగు శ్రోతలు, తెలుగు ఊరు, లెక్క మాత్రం ఇంగ్లీషుది. ఆమెకి ఆ పేరు మంచినీళ్లు తాగినంత తేలిక, అయినా కష్టపడుతున్నట్టు తడబడి చదివింది! ఇంగ్లీషు సైట్‌లో జోకు ఎలా ఉందో అలాగే దించింది. తడబాటుతో సహా. నేను కారు పక్కకి ఆపి ఆ షోకి మెసేజ్ పెట్టాను, "మేడమ్, మీరు పలకగలరు కదా?" అని. స్మైలీ వచ్చింది.

మన పేర్లు మనకే కష్టమని నటించడం ఏమిటి? ఇక్కడ పుట్టిన పిల్ల స్కూల్లో రోజూ "నా పేరు పొడుగు, సారీ" అని చెప్పుకుని ఇంటికొచ్చి తెలుగు రేడియో పెడితే, అక్కడ కూడా తెలుగు పేరు మీద అదే నవ్వు. అప్పుడు ఆ పిల్ల ఎందుకు నేర్చుకోవాలి? ఎవరి కోసం?

కాబట్టి మీకు ఒక పని చెప్తున్నాను. రేడియోకి పేరు పంపేటప్పుడు కుదించి పంపకండి. "వెంకీ అనండి చాలు" అనకండి, వాళ్లు అడగకముందే మనం ఇచ్చేస్తున్నాం. పేరు ముక్కలు చేసి రాయండి, వీలైతే మీ గొంతుతో పలికి ఆ రికార్డింగ్ కూడా పంపండి. పలికాక జోకు వేసుకోనివ్వండి, నాకేం అభ్యంతరం లేదు. "వారి" మీద మంచి జోకు ఎవరైనా వేస్తే నేనే ముందు నవ్వుతాను.

నేను మా స్టేషన్‌కి పంపింది ఇలా ఉంది: వెంకట. నరసింహ. రాజువారి. పేట. నాలుగు ముక్కలు, మధ్యలో చిన్న విరామాలు, తర్వాత ఒకసారి కలిపి. కలిపి చెప్పింది రెండు సెకన్లు వచ్చింది. వాళ్ల కారు శబ్దం కూడా టైము చూశాను, ఆరు సెకన్లు.